పేరున్న గొంతులకు, పేరు తెలియని పాటల తరఫున

పేరు ప్రఖ్యాతులు గడించిన గాయనీ గాయకులకు, వారి పాటలను విడుదల చేసే సంస్థల పెద్దలకు,



ఒకరు రికార్డు చేసి విడుదల చేసిన పాటను మరొకరు తమ గొంతుతో మళ్లీ పాడి విడుదల చేస్తే దాన్ని కవర్ అంటారు. ఏ పాటను అలా ఎత్తుకోవాలన్నది పూర్తిగా మీ ఇష్టం. ఆ ఇష్టం చాలా ఏళ్లుగా ఒకే దారిన నడుస్తున్నది. లెనార్డ్ కోహెన్ 'హల్లెలూయా' 1984లో వచ్చినప్పుడు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1991లో జాన్ కేల్, 1994లో జెఫ్ బక్లీ దాన్ని ఎంచుకోవడంలో మంచి చెవి ఉంది, తెగువ ఉంది. 2008లో బ్రిటన్‌లో ఒక టెలివిజన్ పాటల పోటీ విజేత అదే పాటను పాడి క్రిస్మస్ వారపు అమ్మకాల్లో మొదటి స్థానానికి చేర్చారు. ఆ తర్వాత కూడా దాన్నే ఎత్తుకుంటున్న పాటగాళ్లలో ఆ చెవి ఎక్కడుంది, ఆ తెగువ ఎక్కడుంది? కోట్లమందికి కంఠతా వచ్చిన పాటను ఇంకోసారి వినిపించడానికి అంత పెద్ద గొంతు కావాలా?

ఇంకోవైపు ఇండీ బ్యాండ్లు ఉన్నాయి. పెద్ద కంపెనీల అండ లేకుండా ఒకటో రెండో ఆల్బమ్‌లు చేసి, కొన్ని వేల కాపీలు అమ్ముకుని, చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయిన బృందాలు. ఒక మంచి గొంతు కోసం కాచుకుని కూర్చున్నట్టుండే పాటలు వాటిలో ఎన్నో. ఆ ప్రస్తావన ఎప్పుడు వచ్చినా మీ వైపు నుంచి, మరీ ముఖ్యంగా సంస్థల వైపు నుంచి, వచ్చే మాట ఒక్కటే: ఎవరికీ తెలియని పాట పాడితే ఎవరు వింటారు? ఈ ప్రశ్నకు సమాధానం ముప్పై ఏళ్ల కిందటే వచ్చేసింది. అది మీకు తెలియనిదీ కాదు.

గ్లాస్గోలో 1986లో యూజీన్ కెల్లీ, ఫ్రాన్సెస్ మెకీ అనే ఇద్దరు 'వాసెలీన్స్' అనే బ్యాండ్ మొదలుపెట్టారు. రెండు చిన్న రికార్డులు, 1989లో ఒక ఆల్బమ్, అంతే. ఆ వెంటనే విడిపోయారు. స్కాట్లాండ్ దాటి ఆ పేరు విన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అలా విన్నవారిలో అమెరికా వాయవ్య కొసన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన కర్ట్ కోబేన్ ఒకరు. 1990లో ఆయన బృందం నిర్వాణా ఎడిన్‌బరో వచ్చినప్పుడు తమ కచేరీకి ముందు పాడటం కోసం ఆ విడిపోయిన ఇద్దరినీ మళ్లీ కలిపారు. 'మాలీస్ లిప్స్', 'సన్ ఆఫ్ ఎ గన్' అనే వారి రెండు పాటలను నిర్వాణా రికార్డు చేసింది. 1992 చివర వచ్చిన 'ఇన్‌సెస్టిసైడ్' సంకలనంలో అవి రెండూ ఉన్నాయి. అప్పటికి 'నెవర్‌మైండ్' ఆల్బమ్‌తో నిర్వాణా పేరు మోగిపోతున్నది. ఆ ఏడాదే సియాటిల్‌లోని సబ్ పాప్ సంస్థ వాసెలీన్స్ పాటలన్నిటినీ ఒకచోట చేర్చి విడుదల చేసింది. దుకాణాల్లో దొరకని పాట మళ్లీ దొరికింది.

1993 నవంబరు 18న న్యూయార్క్‌లో ఎంటీవీ 'అన్‌ప్లగ్డ్' కార్యక్రమానికి నిర్వాణా పాడిన తీరును మీరంతా మళ్లీ ఒకసారి చూడాలి. ఛానల్ వారు కోరుకున్నది హిట్ పాటలు, పేరున్న అతిథులు. కోబేన్ వెంటబెట్టుకొచ్చిన అతిథులు మీట్ పపెట్స్ అనే అరిజోనా బ్యాండ్‌కు చెందిన అన్నదమ్ములు, కర్ట్ కర్క్‌వుడ్, క్రిస్ కర్క్‌వుడ్. ఆ రాత్రి పాడిన 14 పాటల్లో 6 ఇతరులవి. వాటిలో 3 మీట్ పపెట్స్ 1984లో తెచ్చిన రెండో ఆల్బమ్‌లోవి, ఒకటి వాసెలీన్స్‌ది. నిర్వాణాను లోకానికి తెలిపిన 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' ఊసే లేదు. వాసెలీన్స్ పాట ఎత్తుకునే ముందు కోబేన్ ఆ పేరును మైకులో చెప్పారు. మీట్ పపెట్స్ పాటలు పాడేటప్పుడు ఆ అన్నదమ్ముల చేతనే వాయింపించారు. పాట పుట్టించిన చేతులు పాటతోపాటే జనం కంటబడ్డాయి. మరుసటి ఏడాది, కోబేన్ మరణించిన కొన్ని నెలలకు, ఆ కచేరీ ఆల్బమ్‌గా వచ్చి అమెరికా జాబితాలో నేరుగా మొదటి స్థానంలో కూర్చుంది. ఎవరు వింటారని అడుగుతున్న మీరు ఎవరు విన్నారో అక్కడ లెక్క చూసుకోవచ్చు. వాసెలీన్స్ 2008లో మళ్లీ కలిశారు; మొదటి ఆల్బమ్ వచ్చిన 21 ఏళ్లకు, 2010లో, రెండోది తెచ్చారు. పేరు బతికి ఉంది కాబట్టే అది కుదిరింది.

ప్రతి బ్యాండ్‌కూ కోబేన్ దొరకరు. మెంఫిస్ నగరపు బిగ్ స్టార్ బ్యాండ్ 1972లో వేసిన మొదటి ఆల్బమ్‌కు '#1 రికార్డ్' అని పేరు పెట్టుకుంది. విమర్శకులు మెచ్చుకున్నారు. పంపిణీ వ్యవహారం చెడిపోవడంతో ఆల్బమ్ దుకాణాలకే సరిగా చేరలేదు. పదివేల కాపీలు కూడా అమ్ముడుపోలేదంటారు. 1974 నాటి 'రేడియో సిటీ'కీ అదే గతి. అదే ఏడాది రికార్డు చేసిన మూడోది 1978 దాకా వెలుగే చూడలేదు. బ్యాండ్‌ను నిలబెట్టిన ఇద్దరిలో క్రిస్ బెల్ ఆ 1978 డిసెంబరులోనే, 27 ఏళ్లకు, కారు ప్రమాదంలో పోయారు. రెండోవారు ఆలెక్స్ చిల్టన్. 1967లో 16 ఏళ్ల వయసులో బాక్స్ టాప్స్ బృందం తరఫున 'ద లెటర్' పాడి అమెరికాలో మొదటి స్థానం చూసినవారు. 1980ల మొదట్లో ఆయన న్యూ ఆర్లీన్స్‌లో ఒక హోటల్లో గిన్నెలు కడిగారు.

ఆ పాటలను పైకి తెచ్చినవారు ఇతరులే. 1984లో బ్రిటన్ నుంచి దిస్ మార్టల్ కాయిల్ అనే బృందం 'హోలోకాస్ట్', 'కంగారూ' పాటలను తమ మొదటి ఆల్బమ్‌లో చేర్చింది. 1986లో బ్యాంగిల్స్ 'సెప్టెంబర్ గర్ల్స్' పాడారు. ఈ రెండోది ప్రత్యేకంగా గమనించదగ్గది. బ్యాంగిల్స్ ఆల్బమ్ 'డిఫరెంట్ లైట్'ను జనం ఎగబడి కొన్నది 'మేనిక్ మండే', 'వాక్ లైక్ యాన్ ఈజిప్షియన్' కోసం. కొన్న ప్రతి ఇంట్లోకీ బిగ్ స్టార్ పాట కూడా అడుగుపెట్టింది. హిట్ పాట మోసుకెళ్లే బండిలో ఒక మూల చోటిస్తే చాలు. ఆ చోటు ఇచ్చినందువల్ల బ్యాంగిల్స్ అమ్మకాలు తగ్గాయా? పాటలు విడివిడిగా వినే ఈ స్ట్రీమింగ్ కాలంలో ఆల్బమ్ చివర దాచిన పాట ఎవరి చెవినా పడదన్న మాట నిజమే. అలాంటప్పుడు దాన్ని చివర దాచమని ఎవరన్నారు? కచేరీలో రెండో పాటగా పెట్టవచ్చు.

ఇక డబ్బు సంగతి. మీరు పాడితే బ్యాండ్ బాగుపడుతుందనుకోవడం సగం నిజం. పాటకు రెండు హక్కులుంటాయి. రాసి బాణీ కట్టిన రచన మీద ఒకటి, దాన్ని పాడి వాయించి చేసిన రికార్డింగ్ మీద ఒకటి. మీరు మళ్లీ పాడినప్పుడు కొత్త రికార్డింగ్ హక్కు మీది. పాత రికార్డింగ్‌కు అందులో పైసా చేరదు. రచన రాయల్టీ మాత్రం రాసినవారికీ వారి పబ్లిషర్‌కూ వెళ్తుంది. అమెరికాలో 1909 చట్టం నుంచి ఇదే పద్ధతి. ఒకసారి విడుదలైన పాటను నిర్ణీత రాయల్టీ కట్టి ఎవరైనా రికార్డు చేయవచ్చు. ఆ రాయల్టీ కాపీకి 2 సెంట్ల దగ్గర మొదలై 1977 దాకా అక్కడే నిలబడిపోయింది, 2025లో 12.7 సెంట్లు. ఇదంతా రచయితకూ పబ్లిషర్‌కూ. డ్రమ్ము కొట్టినవారికి, బేస్ వాయించినవారికి, రచనలో పేరు లేని ఏ సభ్యుడికీ ఇందులో వాటా లేదు.

దీనికి బ్రిన్స్‌లీ ష్వార్జ్ అనే బ్రిటిష్ బ్యాండ్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. లండన్ పబ్బుల్లో పాడుకునే ఆ బృందం శాంతి, ప్రేమ, అవగాహన గురించిన ఒక పాటను 1974లో విడుదల చేసింది. రాసినది బేస్ వాయించే నిక్ లోవ్. పాట ఎక్కడా పలకలేదు. మరుసటి ఏడాది బ్యాండ్ ముగిసింది. 1978లో ఎల్విస్ కాస్టెలో గొంతులో పాటకు పేరొచ్చింది. 1992లో కర్టిస్ స్టైగర్స్ పాడిన మరో కవర్ 'ద బాడీగార్డ్' సినిమా ఆల్బమ్‌లో చేరింది. విట్నీ హ్యూస్టన్ పాటల కోసం జనం కొన్న ఆ ఆల్బమ్ అమెరికాలోనే కోటిన్నర కాపీలకు పైగా పోయింది. ఆ ఒక్క పాటతో నిక్ లోవ్‌కు కలలో కూడా ఊహించని డబ్బు వచ్చింది. బ్రిన్స్‌లీ ష్వార్జ్ అన్నది అసలు ఆ బ్యాండ్‌లో గిటార్ వాయించిన మనిషి పేరు. తన పేరే బ్యాండ్ పేరైన ఆ మనిషికి రచన రాయల్టీలో దక్కింది సున్నా. చట్టం లెక్కలో ఇందులో తప్పేమీ లేదు. అయితే రచయిత కాని సభ్యులకు కవర్ వల్ల దక్కగలిగింది ఒక్కటే, బ్యాండ్ పేరు. ఆ పేరు విని ఎవరైనా వెతుక్కుని పాత రికార్డింగ్ వింటేనే వారికి నాలుగు రూకలు రాలుతాయి. ఆ పేరు చెప్పడం కూడా మీకు బరువైతే కవర్‌ను గౌరవం అని ఎలా పిలుస్తారు?

పేరు చెప్పకపోతే ఏమవుతుందో 'టార్న్' పాట చెబుతుంది. ఆన్ ప్రెవెన్, స్కాట్ కట్లర్, ఫిల్ థోర్నలీ కలిసి రాసిన ఈ పాట మొదట 1993లో డెన్మార్క్ గాయని లిస్ సోరెన్సెన్ నోట డేనిష్ భాషలో వచ్చింది. 1995లో ప్రెవెన్, కట్లర్‌ల సొంత బ్యాండ్ ఎడ్నాస్వాప్ దాన్ని ఇంగ్లిష్‌లో రికార్డు చేసింది. లాస్ ఏంజిలిస్ బయట ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్. ఒక దిక్కుమాలిన బ్యాండ్‌లో పాడుతున్నట్టు ప్రెవెన్‌కు పీడకల వచ్చిందట, ఆ కలలోని బ్యాండ్ పేరే ఎడ్నాస్వాప్. 1997లో ఆస్ట్రేలియా గాయని నటాలీ ఇంబ్రూలియా ఆ పాట పాడగానే ప్రపంచమంతా మోగింది. ఆమె పాడటం బాగుంది, వంక పెట్టడానికి లేదు. ఇప్పటికీ ఆ పాట ఆమెదే అనుకునేవారు కోట్లమంది. రాసిన ముగ్గురికీ డబ్బు అందింది. ఎడ్నాస్వాప్ మాత్రం ఆ పాట సొంతదారుగా ఏనాడూ జనం నోట పడలేదు. కొద్దికాలానికే బ్యాండ్ మూతపడింది.

పాడే తీరులో కూడా మీ బాధ్యత ఉంది. అసలు పాటను అచ్చు గుద్దినట్టు దించేస్తే అందులో మీరెందుకు? కార్డిఫ్ నగరపు యంగ్ మార్బుల్ జెయింట్స్ 1980లో రఫ్ ట్రేడ్ సంస్థ ద్వారా 'కొలాసల్ యూత్' అనే ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ తెచ్చారు. డ్రమ్మర్ లేడు, ఒక డ్రమ్ మెషీన్. సన్నని గిటార్, బేస్, అప్పుడప్పుడు ఆర్గన్. ఆలిసన్ స్టాటన్ పక్కవారితో మాట్లాడుతున్నట్టు పాడతారు. 1994లో కోర్ట్నీ లవ్ నాయకత్వంలోని హోల్ బ్యాండ్ అందులోని 'క్రెడిట్ ఇన్ ద స్ట్రెయిట్ వరల్డ్'ను ఎత్తుకుని గొంతు చించుకుని పాడింది. మూలంలో అణిగి ఉన్న కోపం బయటపడింది. నచ్చినా నచ్చకపోయినా అది పాటకు కొత్త అర్థం. పేరుమోసిన గాయకుడు జానీ క్యాష్ మరో దారి పట్టారు. విల్ ఓల్డమ్ 'బానీ ప్రిన్స్ బిల్లీ' పేరుతో 1999లో విడుదల చేసిన 'ఐ సీ ఎ డార్క్‌నెస్' పాటను క్యాష్ 2000లో పాడారు. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. ముప్పై ఏళ్లయినా నిండనివాడు చావు గురించి రాసుకున్న ఊహ అరవై ఎనిమిదేళ్ల మనిషి నోట ప్రత్యక్ష సాక్ష్యంలా వినిపించింది. ఆ రికార్డింగ్‌లో వెనక గొంతు కలిపింది ఓల్డమే. పాట రాసిన కుర్రాణ్ని పిలిచి పక్కన నిలబెట్టుకున్నందుకు క్యాష్ స్థాయికి వచ్చిన లోటేమిటి?

ఇంకా జరగవలసిన కవర్లు బోలెడున్నాయి. యంగ్ మార్బుల్ జెయింట్స్ పాట 'ఫైనల్ డే' నిడివి రెండు నిమిషాల లోపే. విషయం అణుయుద్ధంతో లోకం అంతం కావడం. అంత ఘోరాన్ని అంత మెత్తగా చెప్పగల గొంతు నోరా జోన్స్‌ది. 2002లో 'కమ్ అవే విత్ మీ'తో కోట్ల ఇళ్లలోకి వెళ్లిన ఆమె, ఆ ఆల్బమ్‌లోనే హాంక్ విలియమ్స్ పాట పాడి ఇతరుల పాటకు తన నీడ ఎలా ఇవ్వాలో చూపించారు. న్యూజిలాండ్‌లోని డనీడిన్ నుంచి వచ్చిన చిల్స్ బ్యాండ్ పాట 'పింక్ ఫ్రాస్ట్' (1984) చల్లగా మొదలై భయం వైపు జారుతుంది. దాన్ని పాడవలసినవారు అదే దేశపు ఆక్లండ్ నుంచి 16 ఏళ్లకే 'రాయల్స్'తో లోకాన్ని తిప్పుకున్న లార్డ్. చిల్స్ నాయకుడు మార్టిన్ ఫిలిప్స్ 2024లో కన్నుమూశారు. ఆయన వినే అవకాశం దాటిపోయింది. ఆ దేశంలోనే ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంది. 2009లో అక్కడి గాయకుడు క్రిస్ నాక్స్‌కు పక్షవాతం వచ్చినప్పుడు, ఆయన పాటలను స్వదేశీ, విదేశీ గాయకులు పాడి 'స్ట్రోక్' అనే సంపుటి విడుదల చేసి సొమ్ము ఆయనకు చేర్చారు. మనిషి మంచాన పడేదాకా ఆగడమెందుకు అన్నది వేరే ప్రశ్న.

గెలాక్సీ 500 మరో బృందం. బోస్టన్ ప్రాంతంలో 1987లో ముగ్గురు కలిసి మొదలుపెట్టి, మూడు ఆల్బమ్‌లు చేసి, 1991లో విడిపోయారు. అదే సమయంలో వారి సంస్థ రఫ్ ట్రేడ్ దివాలా తీయడంతో తమ మాస్టర్ టేపులను వేలంలో తామే కొనుక్కోవలసి వచ్చింది. వారి 'టగ్‌బోట్' పాటకు ప్రేరణ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ గిటారిస్టు స్టెర్లింగ్ మోరిసన్. సంగీతం వదిలి ఆయన నిజంగానే ఓడలు లాగే పడవకు కెప్టెన్ అయ్యారు. పాటలో కార్డ్‌లు బహు తక్కువ. ఒకే చోట నిలిచి ఊగుతుంది. తంబురా శ్రుతి మీద రాగం విప్పడం తెలిసిన గొంతుకు ఇంతకంటే ఖాళీ మైదానం ఉండదు. అందుకు తగిన మనిషి సిద్ శ్రీరామ్. చెన్నైలో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగి, కర్ణాటక సంగీతం నేర్చి, 'గీత గోవిందం', 'పుష్ప' పాటలతో తెలుగువారికి ఇంటిమనిషైన ఆయన, 2023లో 'సిద్ధార్థ్' అనే ఇంగ్లిష్ ఆల్బమ్ కూడా చేశారు. ఇంగ్లిష్ ఇండీ పాటా గమకమూ రెండూ నోట ఉన్నవారు ఎంతమంది? చిన్నపిల్లవాడి నమ్మకంతో పాడిన అమెరికా గాయకుడు డేనియల్ జాన్‌స్టన్ పాటలు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడితే ఎలా ఉండేదో ఇక ఊహించుకోవలసిందే. పాట మధ్యలో నవ్వునూ వెక్కిళ్లనూ అంత సహజంగా చేర్చగల గొంతు ఆ చిన్నపిల్లవాడి నమ్మకాన్ని ఎక్కడికి తీసుకెళ్లేదో.

జాన్‌స్టన్ విషయంలో సంస్థలు నేర్చుకోవలసినది ఒకటుంది. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్లను టెక్సస్‌లోని ఆస్టిన్‌లో చేతుల మీద పంచిపెట్టిన ఆయన పాటలను 2004లో టామ్ వెయిట్స్, బెక్ వంటివారు పాడారు. ఆ సంపుటిలో రెండు సీడీలు. ఒకదానిలో పెద్దవాళ్ల కవర్లు, రెండోదానిలో అవే పాటలు జాన్‌స్టన్ సొంత గొంతులో. కవర్ కొన్నవారికి మూలం కూడా చేతికొచ్చింది. ఇంత సులువైన పనిని మిగతా సంస్థలు ఎందుకు ఆనవాయితీ చేసుకోలేదు?

ఈ మాటలు తెలుగు గాయకులకూ వర్తిస్తాయి. తెలుగు సినిమా రికార్డింగ్‌లో తరచుగా జరిగేది దీనికి తలకిందులు. ముందు ఒక కొత్త గొంతు ట్రాక్ పాడుతుంది, తర్వాత పేరున్న గొంతు వచ్చి ఆ చోటు తీసుకుంటుంది, ట్రాక్ పాడినవారి పేరు ఎక్కడా పడదు. సినిమాకు బయటి పాటను జనానికి అలవాటు చేసిన సంప్రదాయం తెలుగులో లేకపోలేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 'ఈ మాసపు పాట' పేరుతో లలిత గీతాలను పదేపదే వినిపించి ఇంటింటా పాడించింది. ఆ పాటలకు సినిమా లేదు, పోస్టర్ లేదు, అయినా నిలిచాయి. 1996లో 'పాడుతా తీయగా' మొదలైన నాటి నుంచి తెలుగు టెలివిజన్‌లో పాటల పోటీలు ఎన్నో వచ్చాయి, వాటిలో సింహభాగం సినిమా పాటలదే. హైదరాబాద్‌లో సొంతంగా రాసి, బాణీ కట్టి పాడే బ్యాండ్లు ఉన్నాయి. వాటి పాట ఒక్కటైనా పేరున్న ప్లేబ్యాక్ గాయకుల కచేరీ జాబితాలో ఎందుకు చేరదు? న్యాయనిర్ణేతల కుర్చీల్లో కూర్చున్న మీరు పిల్లలను ఆ పాటలు పాడమని ఎందుకు అడగరు?

భారతదేశంలో కవర్ అన్న మాటకు చౌకబారు వాసన పట్టడానికి కారణం ఉంది. 1980లలో అప్పటి చట్టంలోని వెసులుబాటును వాడుకుని టీ-సిరీస్ సంస్థ పాత హిట్ పాటలను కొత్త గొంతులతో పాడించి తక్కువ ధరకు క్యాసెట్లు అమ్మింది. తెలిసిన పాటకు తెలియని గొంతు అన్నమాట. ఈ లేఖ కోరుతున్నది తెలియని పాటకు తెలిసిన గొంతు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 31సి సెక్షన్ ఆ క్యాసెట్ల కాలాన్ని దృష్టిలో పెట్టుకున్నట్టే ఉంటుంది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్ల దాకా ఈ సెక్షన్ కింద కవర్ కుదరదు. ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలి. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప పాటను మార్చకూడదు. కాబట్టి తెలుగులోకి అనువదించి పాడాలంటే రచయిత అనుమతి విడిగా తీసుకోవలసిందే. 'టార్న్'కు డేనిష్ రూపం ఉన్నట్టు 'టగ్‌బోట్'కు తెలుగు రూపం ఉండాలంటే దారి అదొక్కటే.

ఆ సెక్షన్‌లోనే మరో షరతు ఉంది. కవర్ అట్ట మీద అంతకుముందు ఆ పాట పాడినవారి పేరు గానీ బొమ్మ గానీ వేయకూడదు. ఇది కవర్ అని మాత్రం రాయాలి. ప్రసిద్ధుల పేరు చూపించి నకిలీ సరుకు అమ్మకుండా కాపాడటానికి పెట్టిన నియమం అది. తెలియని బ్యాండ్ దగ్గరికి వచ్చేసరికి అదే నియమం వారికి దక్కవలసిన ఒకే ఒక్క వస్తువును లాగేసుకుంటుంది. 2017లో తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడకూడదని ఇళయరాజా తరఫున బాలసుబ్రహ్మణ్యానికి లీగల్ నోటీసు వెళ్లినప్పుడు దేశమంతా చర్చించింది. కార్డిఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న చిన్న బ్యాండ్‌కు లాయరూ ఉండడు, చర్చించే దేశమూ ఉండదు. వారి పక్షాన అడగగలిగినవారు పాడుతున్న మీరే.

అడగడానికి వీలు కూడా ఉంది. చట్టమిచ్చే ఆ లైసెన్సు మీద ఆధారపడకుండా హక్కుదారుల నుంచి నేరుగా అనుమతి తీసుకుంటే 31సి షరతులు అడ్డం రావు. ఐదేళ్లు ఆగనక్కర్లేదు, పేరు దాచనక్కర్లేదు. స్ట్రీమింగ్ వేదికల మీద గాయకుల పేరుకూ రచయితల పేరుకూ గడులున్నాయి. మొదట పాడిన బ్యాండ్ పేరుకు సాధారణంగా గడి ఉండదు. అందువల్ల ఆ పేరు పాట వివరణలో, వీడియో మొదట్లో, వేదిక మీద మైకులో రావాలి. అనుమతి పత్రం రాసుకునేటప్పుడే ఈ మూడు చోట్లా బ్యాండ్ పేరు ఉంటుందన్న వాక్యం చేర్చవచ్చు. విడుదల రోజున మూల రికార్డింగ్ కూడా శ్రోతలకు అందుబాటులో ఉంచే బాధ్యత ఎవరిదో అదే పత్రంలో తేల్చుకోవచ్చు. సంస్థలు ఈ వాక్యాలను తమంతట తాము చేర్చవు. సంతకం పెట్టే ముందు పాడేవారు అడగాలి.

ఇట్లు,
ఒక శ్రోత